సున్నం కింద స్తంభం

గుడి దద్దరిల్లేలా ఈల మోగింది.

"ఏయ్ అమ్మాయీ! చెయ్యి తియ్యి! రాళ్లు ముట్టుకోకూడదు!"

స్తంభాన్ని నిమురుతున్న అమ్మాయి తాపీగా తిరిగింది. "ముట్టుకోకుండా కొలతలెలా తియ్యాలి? నీ ఈలతోనా?"

ఆమె మిర్సిని, ఏథెన్స్ నుంచి వచ్చిన పురావస్తు అధికారి. ఈల ఊదిన స్తమాతిస్ ఆ గ్రీకు దీవిలోని గుడికి కాపలాదారు. పంటల దేవత డిమీటర్ గుడి అది. ఒక స్తంభం నడుము దగ్గరే ఆగిపోయింది. పైముక్కను ఏనాడో ఊరివాళ్లు మోసుకుపోయారు. మిర్సిని వచ్చింది దానికోసమే.

అదెక్కడుందో స్తమాతిస్‌కి తెలుసు. వాళ్ల పెరట్లోనే, అంజూరు చెట్టు కింద అడ్డంగా పడుంది! నాయనమ్మ అసిమీనా ఏటా ఈస్టర్ ముందు గోడలతోపాటు దానికీ సున్నం కొడుతుంది. ఆ ఇంటికొచ్చిన ప్రతి కోడలూ మొదట కూర్చున్నది దానిమీదే.

చెబితే నాయనమ్మ తట్టుకోలేదు. పైగా పని ముగించుకుని మిర్సిని పడవెక్కేస్తుంది. స్తమాతిస్‌కి రెండోదే ఎక్కువ భయం.

అందుకే వేసవంతా ఆమెను స్కూటర్ మీద దీవంతా తిప్పాడు.

"ఇక్కడుందన్నావుగా?"

"ఆ మేక కింద చూడండి మేడమ్."

"చూశాను. ఇంకో మేక ఉంది."

సాయంత్రాలు పెరట్లో కాఫీ. మిర్సిని రోజూ ఆ రాయిమీదే కూర్చునేది. స్తమాతిస్ కుర్చీ తెచ్చి వేసినా లేచేది కాదు.

ద్రాక్షకోతలు అయ్యాక ఒకరోజు ఆమె ప్రయాణం పెట్టెతో వచ్చింది. "దొరకలేదని రాసేస్తాను. పాపం, ఆ స్తంభం ఎప్పటికీ మొండిగానే ఉండిపోతుంది."

ఆ గొంతులో దిగులు విని స్తమాతిస్ లేచాడు. నీళ్లూ బ్రష్షూ తెచ్చి రాయిని రుద్దాడు. సున్నం పొరలు పొరలుగా ఊడింది. గుడి స్తంభాలకున్నట్టే నిలువు గాడులు బయటపడ్డాయి.

"ఇదే. దాచింది నేనే. ఉద్యోగం పోయినా సరే, నువ్వు ఓడిపోయి వెళ్లకూడదు."

"ఒరేయ్! నా కోడళ్ల పీట!" నాయనమ్మ గుండె బాదుకుంది.

మిర్సిని మాత్రం కాఫీ చప్పరిస్తోంది. "మొదటిరోజు కూర్చున్నప్పుడే తెలిసింది. మామూలు పీటకి ఇన్ని గాడులుంటాయా?"

"మరి చెప్పలేదేం?"

"చెబితే స్కూటర్ ఎవరు ఎక్కిస్తారు?"

"ఆ మేకలన్నీ..."

"నీ నటన ఆపబుద్ధి కాలేదు."

"మరి ఈ పెట్టె?"

"ఖాళీ. ఇవాళైనా నోరు విప్పుతావేమోనని తెచ్చా. రిపోర్టులో ఇంటివాళ్లే చూపించారని రాస్తాను. అబద్ధం కాదుగా?"

నాయనమ్మ కళ్లు తుడుచుకుంది. "రాయి పట్టుకుపో అమ్మాయ్. కానీ దానిమీద వేసవంతా కూర్చున్నావు. మా ఇంట్లో దాని అర్థం తెలుసా?"

"తెలిసే కూర్చున్నా బామ్మా," అంది మిర్సిని. స్తమాతిస్ చేతిలోంచి బ్రష్ జారింది.

మరుసటి ఏడు ఈస్టర్ ముందు గుడిలో ఈల మళ్లీ మోగింది. నిండుగా నిలబడ్డ స్తంభం దగ్గర నాయనమ్మ సున్నం బకెట్‌తో, పొడుగు కర్ర కుంచెతో సిద్ధంగా ఉంది.

"బామ్మా! చెయ్యి తియ్యి!"

ఈసారి ఊదింది మిర్సిని. నాయనమ్మ మురిసిపోయింది.

"మా వాడికన్నా గట్టిగా ఊదుతోంది. కోడలంటే ఇదీ!"