నిర్ధారణలో ఉన్నవారు

ఆ ఆఫీసు నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి ఒక కాగితం బయటికి వెళ్ళేది. ఇవాళ ఎంతమందికి జబ్బు సోకింది, ఎంతమంది చికిత్సలో ఉన్నారు, ఎంతమంది కోలుకున్నారు, ఎంతమంది పోయారు. నాలుగే నాలుగు అంకెలు. ఊరంతా వాటి కోసం టీవీల ముందు కూర్చునేది. ఆ అంకెలు తయారయ్యేది మాత్రం ఆస్పత్రి నేలమాళిగలో, ఫినాయిల్ వాసనా చెమ్మ వాసనా కలిసిపోయిన ఒక గదిలో. తయారుచేసేది ఒకే ఒక మనిషి. ఆమెని అందరూ లెక్కలమ్మ అనేవారు.

లెక్కలమ్మకి చెయ్యి చురుకు, చూపు చురుకు, నోట్లో నాలుక మాత్రం లేదు. సర్కారు ఆఫీసులో ఇంతకన్నా కావలసిన గుణాలేముంటాయి? పెద్దసారుకి ఆమె అంటే అందుకే అంత నమ్మకం.

ఊరికి తెలియని ఐదో గడి ఒకటి ఆమె కంప్యూటర్లో ఉండేది. దాని పేరు 'నిర్ధారణలో'. పోయినవాళ్ళ లెక్క మరీ ఎక్కువగా కనపడిన రోజున పెద్దసారు కిందికి దిగి వచ్చి, ఆమె కుర్చీ వెనక నిలబడి, గొంతు సవరించుకునేవారు. "ఈ నలుగురూ జబ్బుతోనే పోయారని గట్టిగా చెప్పగలమా అమ్మా? నిర్ధారణలో పెట్టు. రేపు చూద్దాం." ఆమె పెట్టేది. మసి పూసి మారేడుకాయ చెయ్యడమంటే ఏమిటో చూడాలనుకున్నవాళ్ళు ఆ గదికి వచ్చి చూడొచ్చు. రేపు ఎప్పుడూ వచ్చేది కాదు. నిర్ధారణలో పడ్డవాళ్ళు చావు లెక్కలో ఉండరు గనుక, కంప్యూటర్ దృష్టిలో వాళ్ళింకా చికిత్సలోనే ఉన్నట్టు.

అలా ముప్పై ఏడుమంది. ముప్పై ఏడో మనిషి లెక్కలమ్మ అక్క.

ఆ సంగతి పెద్దసారుకి కూడా తెలియదు. అక్క మధ్యాహ్నం పన్నెండింటికి పోయింది. మూడింటికి ఆఫీసు నుంచి ఫోనొస్తే లెక్కలమ్మ ఏడ్చిన కళ్ళతోనే వచ్చి కూర్చుంది. ఆ రోజు ఊరు మొత్తంలో ఒక్కటే చావు. "ఒక్కటే కదమ్మా! దాన్ని కాస్త పక్కన పెట్టామంటే సున్నా అవుతుంది. మొదటి సున్నా!" అన్నారు పెద్దసారు, పెళ్ళికొడుకు తండ్రిలా చేతులు రుద్దుకుంటూ. ఆ ఒక్కటి మా అక్క సార్ అని ఆమె అనలేదు. ఎందుకనలేదో ఆమెకీ తెలియదు. చెయ్యి అలవాటు కొద్దీ కదిలిపోయింది. సాయంత్రం పై అంతస్తులో చాక్లెట్లు పంచారు. ఆమెకీ ఒకటి ఇచ్చారు. తింది.

అప్పటినుంచి బావ వారానికోసారి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. "మీ అక్క పోయిందని ఒక్క కాగితం ఇప్పించమ్మా. ఆస్పత్రిలో అడిగితే చికిత్సలో ఉందంటారు. ఎక్కడుందిరా నాయనా చూపించండి అంటే నవ్వుతారు." చూస్తాను బావా అనేది ఆమె. ఎనిమిదేళ్ళ పిల్లని పెట్టుకుని ఆ మనిషి పడే అవస్థ తెలిసి కూడా, ఇదంతా నా చేతి చలవే అని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

ఇంతలో టీవీలో కొత్త వేరియంట్ వచ్చింది. ఎక్కడో దూరదేశంలో పురుగు రూపం మార్చుకుందట, పాత మందులకి లొంగదట. చికిత్సలో ఉన్న ప్రతివాళ్ళకీ రోజూ ఫోన్ చేసి లక్షణాలు రాసుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రిటైరైన నర్సమ్మ ఒకావిడని తెచ్చి, లెక్కలమ్మ ఎదుటి బల్ల దగ్గర ఫోనూ జాబితా ఇచ్చి కూర్చోబెట్టారు. ఆవిడకి ఇచ్చిన జాబితాలో ఐదో గడి ఊసు లేదు. అందరూ చికిత్సలోనే.

వారం తిరిగేసరికి, ఒక మధ్యాహ్నం నర్సమ్మ కాగితం పట్టుకుని లేచి వచ్చింది. ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది. పైనెక్కడో ట్రాలీ చక్రాల చప్పుడు.

"అమ్మాయ్, కొత్త వేరియంట్ మనూళ్ళోకి వచ్చేసినట్టుంది. నలభై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి జబ్బు చూళ్ళేదు నేను."

"ఏమైందండీ?"

"జ్వరం లేదు, దగ్గు లేదు. ఒళ్ళంతా చల్లగా ఉందంటారు. ఆకలి లేదు, నిద్ర లేదు. వేలికి పెట్టుకునే మిషన్లో ఆక్సిజన్ ఎంతో చెప్పమంటే ఒకాయన ముప్పై ఒకటి అన్నాడు. ముప్పై ఒకటి ఉన్న మనిషి మాట్లాడగలడా తల్లీ? ఈయన గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నాడు! పెద్దసారుకి చెప్పా. శభాష్, లక్షణాల పట్టీ తయారు చెయ్యండి అన్నారు."

"ఎక్కడున్నారని అడిగారా?"

"ఎవరూ సరిగ్గా చెప్పరు. చలిగా ఉంది, మమ్మల్ని పంపించెయ్యమని చెప్పండి... అందరిదీ అదే పాట. మొత్తం ముప్పై ఏడుమంది."

లెక్కలమ్మ కాగితం అందుకుంది. రోగుల నంబర్లు. పైనుంచి కిందికి చదివింది. చదవక్కర్లేదు కూడా, ప్రతి నంబరూ ఆమె చేత్తో జరిపిందే. ఆఖరి నంబరు దగ్గర చూపు ఆగిపోయింది. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదే కాబోలు. నర్సమ్మకి తను ఏం చెబుతోందో తనకే తెలియదు.

"ఈ ఆఖరి ఆవిడ..."

"ఆవిడా? మంచి మనిషి. మా చెల్లెలు అక్కడే పనిచేస్తుంది, దాన్నోసారి మాట్లాడమనండి అంటుంది రోజూ."

నర్సమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. లెక్కలమ్మ ఆ కుర్చీలో కూర్చుంది. నంబరు నొక్కింది. రింగు పోదులే, ఆ ఫోను ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది అనుకుంది.

రింగు పోయింది.

ఒకటి... రెండు... మూడు...

ఎవరో ఎత్తారు. నీటిబొట్లు రేకు మీద పడుతున్న చప్పుడు. దాని వెనకాల చాలామంది కలిసి గుసగుసలాడుతున్న చప్పుడు.

"ఎవరూ..." అంది ఆమె.

"వచ్చావుటే."

అక్క గొంతే. చిన్నప్పుడు బడి నుంచి ఆలస్యంగా వస్తే గుమ్మంలో నిలబడి అన్నట్టే అంది. లెక్కలమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. భయమూ వేసింది. రెండూ ఒక్కసారే వచ్చాయి.

"అక్కా... ఎక్కడున్నావే?"

"ఏమో. చీకటిగా ఉంది. అందరం వరసగా కూర్చున్నాం. పేరు పిలిస్తే వెళ్ళిపోవచ్చంట. మా పేర్లు ఎవరూ పిలవడం లేదే." కాసేపు నీటిబొట్ల చప్పుడు. "నిన్న రాత్రి కూడా పాప వచ్చింది."

"ఏ పాప?"

"మన పాపే. నా పక్కన కూర్చుంది. అమ్మా చలి అంది. దాని వేలికి కూడా మిషన్ పెట్టి చూశాను. డెబ్బై. మొన్న ఎనభై ఉండేది."

"అక్కా, దాన్ని పంపించెయ్..."

"నేను పంపించలేనే. నన్నే ఎవరూ పంపించడం లేదు కదా..."

ఫోన్ కట్టయింది. లెక్కలమ్మ బావకి కలిపింది.

"అక్క ఫోనెక్కడుంది బావా?"

"బీరువాలో. చార్జింగ్ కూడా పెట్టలేదు. ఏం?"

"పాప?"

"నీకెవరు చెప్పారు?" బావ గొంతు తగ్గింది. "వారం నుంచీ అదోలా ఉందమ్మా. జ్వరం లేదు. పొద్దున్న లేపితే ఒళ్ళు ఐసుగడ్డలా ఉంటుంది. డాక్టరుకి చూపిస్తే కొత్త వేరియంటేమో, పరీక్షలు చెయ్యాలన్నాడు. ఇవాళ అసలు లేవలేదు."

అది వేరియంట్ కాదని ఆ ఊళ్ళో తెలిసిన మనిషి ఒక్కతే. ఆ జబ్బు అంటించింది కూడా ఆమే.

లెక్కలమ్మ తన కుర్చీలోకి వచ్చి అక్క వివరాలు తెరిచింది. జీవితంలో మొదటిసారి ఎవరినీ అడక్కుండా చెయ్యి కదిలింది. మరణం. కారణం: జబ్బే. తేదీ: ఆ సున్నా రోజు. 'ఖాయం చేయనా?' అని అడిగింది కంప్యూటర్. ఖాయం చెయ్యి తల్లీ, ఖాయం చెయ్యి, అని ఒక్క నొక్కు నొక్కింది. అక్క పేరు పైకే పిలిచింది.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నాలుగు నిమిషాల తర్వాత ఆమె ఫోను మోగింది. బావ.

"లేచింది! పాలడిగింది. చేతులు వెచ్చగా ఉన్నాయి... నిద్దట్లో అమ్మ టాటా చెప్పి వెళ్ళిపోయిందంటోంది."

లెక్కలమ్మ బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎన్నాళ్ళుగానో దాచిపెట్టుకున్న ఏడుపు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, మిగతా ముప్పై ఆరుమందినీ తెరుద్దామని చెయ్యి చాపింది. వాళ్ళకీ చెల్లెళ్ళుంటారు, పిల్లలుంటారు.

వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఏమిటమ్మా ఇది? సున్నా రోజు కాస్తా ఒకటి అయింది?"

పెద్దసారు అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవరు. అరిచేవాళ్ళ దగ్గరైతే కాస్త జాలైనా ఉంటుంది.

"సార్, ఆవిడ మా అక్క."

"అయ్యో. ముందే చెప్పకపోయావా," అన్నారాయన, చెబితే ఏదో ఒరగబెట్టేవారన్నట్టు. "కానీ చూడమ్మా, కొత్త వేరియంట్ గురించి పైవాళ్ళు రేపు తనిఖీకి వస్తున్నారు. ఇప్పుడా ఈ పాత గొడవ? లే. కాస్త లే."

ఆమె లేచింది. ఎందుకు లేచిందని అడగొద్దు. ఇరవై ఏళ్ళుగా లేవమంటే లేచిన కాళ్ళు అవి. ఆయన ఆమె కుర్చీలో కూర్చున్నారు. కంప్యూటర్ ఆమె పేరుతోనే తెరిచి ఉంది. అక్కని మళ్ళీ నిర్ధారణలోకి నెట్టబోయారు. ఒప్పుకోలేదది. పోయినట్టు ఖాయమైన మనిషిని మళ్ళీ చికిత్సలోకి తేవడం కుదరదంది. ఒక్కటే దారి చూపించింది.

'కోలుకున్నారు. ఇంటికి పంపబడ్డారు.'

"ఇదేదో ఇంకా బాగుందే," అన్నారు పెద్దసారు.

"వద్దు సార్... సార్, వద్దు, మీకు తెలియదు..."

"ఐదో గడి మొత్తం ఇందులోకి తోసేస్తే రేపు వాళ్ళు అడగడానికేమీ ఉండదు." అన్నింటినీ ఒకేసారి ఎంచుకున్నారు. నొక్కారు. "చూశావా? చిటికెలో అందరినీ బతికించేశాం."

అప్పటికి ఆరు కొట్టింది. కాగితం బయటికి వెళ్ళిపోయింది.

తెర మీద ఇవాళ కోలుకున్నవారు ముప్పై ఎనిమిది అని ఉంది.

"ముప్పై ఏడు కదా సార్? ఇవాళ వేరేవాళ్ళెవరూ కోలుకోలేదు," అంది ఆమె.

"ఒకటి ఎక్కువైతే మనకే మంచిది," అంటూ ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయారు.

ఎదుటి బల్ల దగ్గర నర్సమ్మ సాయంత్రం ఫోన్లు మొదలుపెట్టింది. ఒకటి తర్వాత ఒకటి నొక్కుతోంది. దించుతోంది. ముఖం చిట్లించింది.

"ఎవరూ ఎత్తడం లేదమ్మాయ్. ఒక్కాయన మాత్రం ఎత్తాడు. ఇంటి సందులోకి వచ్చేశాను, తర్వాత మాట్లాడతానన్నాడు. పాపం, సంతోషంగా ఉన్నాడు."

లెక్కలమ్మ పరుగెత్తింది. పొడుగాటి వరండా, ఆరిపోతూ వెలుగుతూ ఉన్న ట్యూబులైట్లు. నేల మీద తడి కాళ్ళ గుర్తులు. అన్నీ లోపల్నుంచి బయటికే... వాటిని తొక్కకుండా గోడవారగా పరుగెత్తింది. పరుగెత్తుతూనే బావకి ఫోన్ చేసింది. మోగింది... మోగింది... ఎత్తారు.

"పిన్నీ..."

పాప. గుసగుసగా.

"తలుపు తియ్యొద్దని నాన్నకి చెప్పమ్మా! ఎవరొచ్చినా సరే..."

"నాన్న తీసేశాడు పిన్నీ. అమ్మ వచ్చింది. నాన్న గోడకి ఆనుకుని కూర్చున్నాడు... పిలిస్తే పలకడం లేదు."

"నువ్వెక్కడున్నావ్?"

"మంచం కింద. అమ్మ చేతిలో ఆస్పత్రి కాగితం ఉంది. చదివి వినిపిస్తోంది. పంపినవాళ్ళు అని నీ పేరు చదివింది."

"అక్కడే ఉండు. కదలకు. నేనొస్తున్నా... వచ్చేస్తున్నా..."

ఊపిరి చప్పుడు. ఫోనుకి దగ్గరగా, చాలా దగ్గరగా.

"పిన్నీ... అమ్మ ఒక్కతే రాలేదు. ఒక పాపని కూడా తీసుకొచ్చింది. నా గౌనే వేసుకుంది... నాలాగే ఉంది. ఇప్పుడు వంగి మంచం కిందికి చూస్తోంది."