తీసేసిన పేరు

మెడ మీద చల్లగా ఏదో తగులుతుంది.

తుపాకీ!

జయశీల చేతులు కీబోర్డు మీదే బిగుసుకుపోతాయి.

"అరిస్తే కాల్చేస్తా. తలుపేసినాను. బయట ఎవురూ లేరు."

గిరిబాబు గొంతు! సొంత పాళెం మనిషి. మొన్న రొయ్యల గుంటల దగ్గర సూపర్‌వైజర్‌ని పొడిచి చంపినవాడు. అది కళ్ళారా చూసింది ఒకే ఒక్కడు... ఆమె తమ్ముడు చిన్నబాబు.

"నీ తమ్ముడు పడవెక్కినాడు. ఏ పడవ?"

"నాకు తెలీదన్నా! అమ్మతోడు!"

పచ్చి అబద్ధం! తెల్లారుజామున చిన్నపోలయ్య మామ కాళ్ళు పట్టుకుని, వాణ్ణి ఆయన 'కామాక్షి' పడవ ఎక్కించింది తనే.

"సరే. సముద్రంలో ఉండే మన పాళెం పడవలన్నీ చూపించు."

వాకాడు తీరంలోని ఈ ట్రాకింగ్ రూమ్‌కి పడవల సిగ్నళ్ళన్నీ వస్తాయి. అన్ని ఊళ్ళవీ కలిసి ఒకే పొడుగాటి స్ట్రింగ్, తెగని అక్షరాల వరస. ఊరి కోడు, నంబరు, పేరు అతుక్కుని ఒక్కో పడవ ఒక్కో పదం. కావలసిన ఊరివి ఏరడానికి ఆమె దగ్గర చిన్న షెల్ స్క్రిప్ట్ ఉంది.

తెరుస్తుంది. భయం... ఒళ్ళంతా భయం!

వెతికే కమాండు గ్రెప్, మైనస్ ఓ, పాళెం కోడు. మ్యాచ్ అయిన పదాలు లైనుకొకటి చొప్పున విడిగా వస్తాయి.

అంతలో ఒక ఆలోచన తడుతుంది!

పక్కనే ఇంకో గ్రెప్. ఈసారి మైనస్ వి. ఇది మ్యాచ్ అయిన లైన్‌ని తీసిపారేస్తుంది. పేరు కొడితే వీడు చదివేస్తాడు... అందుకే కామాక్షి నంబరు కొడుతుంది. వీడికి వల తెలుసు గానీ, గ్రెప్ ఏం తెలుస్తుంది?

"ఏందది?" తుపాకీ గట్టిగా గుచ్చుకుంటుంది.

"ఫిల్టరన్నా! వేరే ఊళ్ళవి రాకుండా..."

ఎంటర్!

పది పేర్లు. కామాక్షి లేదు!

దేవుడా! ప్రాణం లేచొచ్చినట్టుంది.

గిరిబాబు స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుతాడు. మళ్ళీ మొదటి నుంచి చదువుతాడు. నవ్వుతాడు.

"చిన్నపోలయ్య మామ పడవ ఏది చెల్లెమ్మా?"

ఆమె పై ప్రాణాలు పైనే పోతాయి.

"అది... వేటకి పోలేదేమో..."

"ఇప్పుడే ఒడ్డు చూసి వస్తా ఉండా. ఒక్క పడవ లేదు. పదకొండూ పోయినాయి. వాడు ఏ పడవలో ఉండాడో నాకు నిజంగా తెలీదు. దాచిపెట్టి నువ్వే చూపించినావు!"

"అన్నా... కాదన్నా! నన్ను చంపు! వాణ్ణి వదిలెయ్!"

గిరిబాబు ఫోన్ తీసి స్పీకర్ పెడతాడు. అవతల ఇంజిన్ రొద. అతని మనుషులు ఆ పడవల మధ్యే తిరుగుతున్నారు.

"కామాక్షి పడవలో ఉండాడు రా."

"ఎదురుగానే ఉందన్నా," అంటుంది ఫోన్‌లో గొంతు.

జయశీల ఫోన్ మీద పడుతుంది.

"చిన్నబాబూ! దూకెయ్ రా! దూకె..."

ఫోన్‌లో తుపాకీ పేలిన చప్పుడు.