ఇవాళ మీరెవరు, అత్తయ్యా?

బెంగాలీ గడ్డ మీద తెలుగు రైల్వే కుటుంబాలుండే ఝపటాపూర్‌లో రాబిన్ వాళ్ళింటి ముందుగది పేరుకే గది, నిజానికి ఆఫీసు. రాబిన్, అతని భార్య ఏంజలిన్ కలిసి నడిపే చిన్న సంస్థ అది. ఏ పేటలో ఎవరికి షుగరుంది, ఎవరు మందులు మధ్యలో మానేస్తున్నారు, ఆడవాళ్ళు ఏ జబ్బు దాచుకుంటున్నారు అని ఇంటింటికీ తిరిగి అడిగి, తేలిన సంగతులు డాక్టర్లకీ సేవాసంస్థలకీ చెప్పడం వాళ్ళ పని. అడగడం ఏంజలిన్ వంతు, కంప్యూటర్‌లో లెక్క తేల్చడం రాబిన్ వంతు. ఇంకొకరి వంతు కూడా ఉంది. ఆవిడ జీతం తీసుకోదు, బోర్డు మీద పేరూ లేదు. రాబిన్ తల్లి సూసన్న.

కొత్త ప్రశ్నలేవైనా సరే, ముందు సూసన్న మీద ప్రయోగించకుండా గడప దాటవు. అది ఆ ఇంటి ఆచారం. కొత్తగా పనిలో చేరిన పిల్ల ఆవిడ ముందు కూర్చుని అడగాలి, ఆవిడ ఎవరో ఒకరి వేషం కట్టి జవాబు చెప్పాలి. ఒకరోజు తాగుబోతు మొగుడున్న ఇల్లాలు, ఇంకోరోజు ఏదడిగినా "మా అబ్బాయినడుగు" అనే ముసలమ్మ, మరోరోజు బెంగాలీ కలిపి దెబ్బలాడే దీదీ. నిమ్‌పురా రైల్వే క్వార్టర్స్‌లో పెళ్ళయిన దగ్గర్నుంచి మొగుడు పోయేదాకా కాపురం చేసిన మనిషి, ఆవిడకు వేషాలకేం కరువు!

ఆ ఉదయం సూసన్న బీరకాయలు చెక్కు తీస్తోంది. కొత్తగా చేరిన జెనీ చాప మీద బెదురుగా కూర్చుంది. ఏంజలిన్ కుర్చీలో కూర్చుని ఆ పిల్లకు పాఠం చెబుతోంది.

"ఎవరింటికెళ్ళినా కుర్చీ ఎక్కకు జెనీ. చెప్పేవాళ్ళకన్నా ఎత్తులో కూకుంటే ఎవరూ నిజం చెప్పరు. అత్తయ్యా, ఇవాళ మీరెవరు?"

సూసన్న కత్తిపీట పక్కన పెట్టి, కొంగు సర్దుకుంది.

"నూకాలమ్మ. నిమ్‌పురా."

"ఠీక్ హై. మొదలెట్టు జెనీ."

ఈసారి సర్వే పెద్దవయసు ఆడవాళ్ళ గురించి. నిద్ర, మోకాళ్ళు, చూపు అయ్యాక జెనీ గొంతు సన్నబడింది.

"మామ్మగారూ, దగ్గినా, నవ్వినా... బట్ట తడవడం లాంటిదేమైనా...?"

"ఓలమ్మో! ఇదేటి ప్రశ్న?" సూసన్న తల దించుకుంది. "తడస్తాది. తుమ్మితే తడస్తాది. చెంబు ఎత్తితే తడస్తాది."

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవలికి సెప్తాను? మొగోడు పోయినాడు. కొడుక్కి సెప్పుకునేదా ఇది? బయటికెళ్ళాలంటే నీళ్ళు తాగడం మానేస్తాను. నలుగురిలో కూకోడం మానేసినాను. పక్కనున్నోళ్ళకి వాసనొస్తాదేమోనని బయం."

చివరి మాటకు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జెనీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏంజలిన్ మాత్రం చప్పట్లు కొట్టింది.

"చూశావా? సరిగ్గా ఇలాగే తల దించుకుంటారు. అప్పుడు నువ్వు తొందరపెట్టకూడదు. అత్తయ్యా, మీరు సినిమాల్లో ఉండవలసినోళ్ళు!"

కంప్యూటర్ ముందు రాబిన్ కూడా నవ్వాడు. "బాగుందమ్మా. ప్రాక్టీసే కదా, ఎక్కించిన జవాబులు చెరిపేస్తున్నాను."

ఏంజలిన్ మురిసిపోతూ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి అత్తగారి పక్కన పెట్టింది. సూసన్న వాటిని ముట్టుకోలేదు. మళ్ళీ బీరకాయ అందుకుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక విజయనగరం నుంచి ఫోను. దోర్కా, రాబిన్ అక్క. వచ్చే వారం ఆమె కూతురి పెళ్ళి. ఆమె గొంతు ముందుగదిలో జెనీతో సహా అందరికీ వినిపించేంత గట్టిగా ఉంది.

"ఏంజలిన్, అమ్మ పెళ్ళికి రానంటంది. నిన్న నాతో సెప్పింది. నాకు తెలుసులే ఎందుకో. మీ సర్వేలకి ఊరికే దొరికిన మనిషి కదా! మనవరాలి పెళ్ళికి పంపితే మీ పనాగిపోద్ది."

"వదినా, నేను వద్దన్నానా? టిక్కెట్లు తీసినాం కూడా."

"మరేటి? అమ్మ నోరు ఎవరు నొక్కినారు?"

ఫోను పెట్టేసరికి ఏంజలిన్ మొహం ఎర్రబడిపోయింది. పాపం, ఈ మాట మాత్రం ఆమెకు తగలవలసింది కాదు. పెళ్ళికి అత్తగారి కోసమని కంచిపట్టు చీర ఏరి తెచ్చింది ఆమే.

రాబిన్ తల్లి దగ్గరికి వెళ్ళాడు. "ఏటమ్మా ఇది? అక్క పరువేం కాను? నాతో ఒక్క ముక్క చెప్పలేదు!"

"నాను రానురా. మీరెల్లండి."

"ఎందుకు రావు?"

"రాను. అంతే."

ఏంజలిన్ ఇక ఆగలేకపోయింది. "నా మీద కోపముంటే మొహాన చెప్పండత్తయ్యా. వదిన అనేసింది, రేపు పెళ్ళిలో అందరూ అంటారు, కోడలే కట్టేసిందని. మోకాళ్ళా? కుర్చీ బండి పెట్టిస్తాను. ఏం కష్టమో చెప్పకుండా రాను రాను అంటే ఏమనుకోవాలి? ముక్కూమొహం తెలియనోళ్ళు కూడా నాకు కడుపులో మాట చెప్తారు. నా ఇంట్లో మనిషి నాకు చెప్పదా?"

సూసన్న కొంగు అంచు వేలికి చుట్టుకుంది. చాలా నెమ్మదిగా అంది.

"పొద్దున్న సెప్పినాను కదే. నువ్వు సప్పట్లు కొట్టినావు."

రాబిన్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఎటు చూడాలో తెలియక గోడకేసి చూశాడు. ఏంజలిన్ భర్త భుజం మీద చెయ్యి వేసింది.

"జెనీని నిమ్‌పురాలో దింపేసి రండి."

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. ఏంజలిన్‌కి ఒక్కొక్కటే గుర్తొస్తోంది. అత్తయ్య కొంతకాలంగా ముదురురంగు చీరలే కడుతోంది. చర్చిలో ఎప్పుడూ ముందు వరసలో ఆడవాళ్ళకు పాట ఎత్తుకునే మనిషి, ఇప్పుడు తలుపు దగ్గరి బెంచీలో కూర్చుని ప్రార్థన అవ్వకుండానే లేచిపోతోంది. తన బట్టలు ఎవరూ లేవకముందే తనే ఉతికేసుకుంటోంది. 'ఓపికుంది కదా, ఉతుక్కోనీ' అనుకుంది తను. ఛీ, ఎంత తేలిగ్గా అనుకుంది! ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు, ఊరంతా తిరిగి అడిగిన మనిషి ఇంట్లో మాట వినలేకపోయింది.

"నాకే విడిగా చెప్పొచ్చు కదత్తయ్యా," అంది.

"నోరు రానేదమ్మీ. సూసన్న పేరు మీద నోరు రానేదు. నూకాలమ్మ పేరు మీదైతే వొచ్చింది." సూసన్న కళ్ళు తుడుచుకుంది. "ముందటి సర్వేలో కూడా సెప్పినాను. గంగాభవాని అనే ముసల్దాని వేసంలో. నువ్వు అందరిళ్ళలో కనిపెడతావు కదా, నా దగ్గరా కనిపెడతావనుకున్నాను."

ఏంజలిన్ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. సూసన్నే ఆమె వీపు నిమరవలసి వచ్చింది.

"ఊరుకోయే. నా యాక్టింగే అంత బాగుంది. నువ్వేటి సేస్తావు?"

ఏడుపులోనే ఏంజలిన్‌కి నవ్వొచ్చింది. లేచి మొహం కడుక్కొచ్చింది. అత్తగారిని మంచం మీద కూర్చోబెట్టి తను కింద నేల మీద కూర్చుంది. కాగితం తీసుకోలేదు, పెన్ను తీసుకోలేదు. కొత్తవాళ్ళింట్లో ఎలా మొదలెడుతుందో అలాగే మొదలెట్టింది.

"నా పేరు ఏంజలిన్. మీ ఆరోగ్యం గురించి కొన్ని సంగతులు అడుగుతాను. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. ఎక్కడైనా ఆపెయ్యమనొచ్చు. మీ పేరు?"

సూసన్న పొద్దుటిలాగే కొంగు సర్దుకుంది.

"సూసన్న," అంది. "ఇది సెరిపెయ్యకే."

"చెరపను."

అప్పుడు అన్నీ చెప్పింది. చిన్న మనవడు పుట్టిన ఏడాది మొదలైందట. రైల్లో రాత్రంతా ప్రయాణం, పెళ్ళింట్లో నిండా జనం, కొత్త వియ్యాలవారు, పక్కన ఎవరో ముక్కు మూసుకుంటే తన కూతురి తల ఎక్కడ పెట్టుకోవాలి? అందుకే రానంది. ఏంజలిన్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అంతా విన్నాకే చెప్పింది.

"అత్తయ్యా, ఇది మీ తప్పు కాదు. ఈ పేటలోనే ఎంతమందికి ఉందో నాకు తెలుసు. కండరాలు వదులవుతాయి, అంతే. దీనికి వ్యాయామాలున్నాయి, చూసే డాక్టరమ్మ ఉంది. రేపు నేనే తీసుకెళ్తాను. రైల్లో బాత్రూం దగ్గరి బెర్తులకు మార్పిస్తాను. ప్యాడ్లు, మార్చుకునే చీరలు, అన్నీ నా బ్యాగులో ఉంటాయి. పెళ్ళిలో మీ పక్కన నేనే కూకుంటాను. ఇప్పుడు చెప్పండి, వెళ్ళాలనుందా?"

"ఉండదేటే? నానెత్తుకున్న పిల్ల పెళ్ళి!"

ఏంజలిన్ ఫోను తీసి దోర్కాకి కలిపింది. "వదినా, అత్తయ్య వస్తున్నారు. తప్పు నాదే, నేను వినలేదు. మిగతాది మీ అమ్మే చెప్తుంది, చెప్పాలనిపిస్తే." అవతల దోర్కా ఏదో అడగబోయింది, సూసన్న ఫోను అందుకుంది. "ఏమీ నేదమ్మా, నీ మరదలు మంచిదే. పెళ్ళిపాట నానే ఎత్తుకుంటాను, ఇంకెవలికీ సెప్పకు," అని పెట్టేసింది.

గుమ్మంలో స్కూటర్ ఆగింది. రాబిన్ లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. సూసన్న కొడుకుని చూసి, "రారా, అలా నిలబడ్డావేటి?" అని పిలిచింది. తర్వాత కోడలివైపు తిరిగింది.

"అమ్మీ, గ్లాసుడు మంచినీళ్ళియ్యే. నిండా ఇయ్యి. పొద్దున్నుంచీ దాహమేస్తంది."