బల్ల నుంచి కిటికీ దాకా

పొద్దున్నే హోటల్ తలుపు తీయగానే బల్లలన్నీ నిండిపోయాయి. అత్తగారు ఏప్రన్ బిగించుకుని హాల్లోకి దిగింది. ఆ హోటల్లో ఆర్డరు రాసుకునే అలవాటు లేదు. కాగితంలో తల దూరిస్తే వచ్చినవాళ్ళ మొహం ఎవరు చూస్తారని ఆవిడ వాదన. విన్నదంతా గొణుక్కుంటూ వంటింటి కిటికీ దాకా వచ్చి, పొయ్యి దగ్గరున్న కొడుక్కి గడగడా అప్పజెప్పేది. అదంటే ఆవిడకు మహా గర్వం.

కోడలు కప్పులు తుడుస్తూ ఆ గొణుగుడు కోసమే కాచుకుని ఉంది.

"మూల బల్లకి ఆమ్లెట్టు, ఉల్లిపాయ వద్దు. పక్కన రెండు టీలు, ఒకటి చక్కెర లేకుండా..." అనుకుంటూ అత్తగారు దగ్గరికి రాగానే, ఎంతో వినయంగా అడిగింది.

"అత్తయ్యా, పాలవాడు నిన్న మళ్ళీ తక్కువ పోశాడా?"

"పోశాడు, వాడికేం రోగం," అంది అత్తగారు. అంతే. కిటికీ దగ్గర నోరు తెరిస్తే ఆర్డరు లేదు. తెల్లమొహం వేసుకుని వెనక్కి వెళ్ళి మళ్ళీ అడిగి వచ్చింది. కోడలికి కప్పు ఇంకాస్త మెరిసినట్టనిపించింది.

ఊరికే పుట్టిన కసి కాదది. పెళ్ళయిన కొత్తలో ఆర్డర్లు మోసుకొచ్చే కోడలికి ఇదే దారిలో అడ్డం వచ్చి అత్తగారు ఏదో ఒకటి అడిగేది. తడబడగానే అందరి ముందూ "వచ్చిందండీ మా చిల్లుబుర్ర" అని నవ్వించేది. రోజూ టీకొచ్చే పోస్టుమాన్ కూడా ఆమెను అలాగే పిలవడం మొదలుపెట్టాడు. చివరికి కప్పులు తుడవడానికి కూర్చోబెట్టారు. గొణుగుడు తెగితే ఎవరి బుర్రయినా ఖాళీ అవుతుందని అక్కడే కూర్చుని కనిపెట్టింది. అప్పట్నుంచి వడ్డీతో సహా తీర్చుకుంటోంది.

పొరపాట్లు పెరిగాయి. భర్త బెంగపడ్డాడు. అమ్మకి మతిమరుపు మొదలైందనీ, డాక్టరు ఔనంటే ఇంట్లోనే ఉంచేసి హాలు నీకు అప్పగిస్తాననీ అన్నాడు. కోడలికి కడుపు చల్లబడింది. డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్తానంది.

డాక్టరు హోటల్ సంగతంతా విని, కొన్ని అంకెలు చెప్పి తిరిగి చెప్పమంది. తర్వాత వెనకనుంచి చెప్పమంది. అత్తగారు బెదురుతూనే అన్నీ చెప్పింది.

"ఈవిడకి ఏ జబ్బూ లేదు," అంది డాక్టరు. "అప్పటికప్పుడు విన్నది పట్టుకునే చోటు ఎవరికైనా చిన్నదేనమ్మా, మీ వంటింటి కిటికీ గట్టులాగా. అనుకుంటూ ఉంటేనే నిలుస్తుంది. మధ్యలో ఇంకోటి తెచ్చిపెడితే ఉన్నది జారిపోతుంది. ఆర్డరు తెచ్చేటప్పుడు మిమ్మల్ని ఎవరైనా పలకరిస్తున్నారా?"

కోడలు చేతిసంచీ సర్దుకోసాగింది. అత్తగారు ఆమె వైపు తిరిగి చూసింది.

"హోటలన్నాక పలకరించరా," అంది.

బయట బెంచీ మీద కూర్చున్నాక ఆవిడ అంది.

"రోజూ పడుకునే ముందు మనవరాలి పేరు అనుకుంటున్నానే, అదీ పోతుందేమోనని."

కోడలి గుండె కలుక్కుమంది. అయినా తగ్గలేదు. "చిల్లుబుర్ర అన్నప్పుడు నేనూ ఏడ్చాను అత్తయ్యా. నిజంగానే నాకు బుర్ర లేదనుకున్నాను."

"నీకు బుర్ర ఉందనే అడ్డం వచ్చేదాన్ని. నాకంటే నువ్వు బాగా మోస్తున్నావని," అంది అత్తగారు తల వంచుకుని.

ఇన్నాళ్ళూ కోడలు వినాలనుకున్న మాట అదే. తీరా వింటే సంతోషం రాలేదు. ఆవిడ పెదాలు ఇంకా మనవరాలి పేరు అనుకుంటూనే ఉన్నాయి. తప్పయిపోయిందని కోడలు చెబితే, అత్తగారు లేచి నడిచింది.

మర్నాడు అత్తగారు కొడుకుతో హాలు ఇద్దరం చూస్తామని చెప్పి, ఇంకో ఏప్రన్ తెచ్చి కోడలికి ఇచ్చింది. కోడలు మూడు బల్లల ఆర్డర్లు గొణుక్కుంటూ బయల్దేరింది. ఎదురుగా అత్తగారు వస్తోంది. ఇప్పుడు అడ్డం వచ్చి ఏదో ఒకటి అడుగుతుంది, తను చేసినదానికి అడగాలి కూడా అనుకుంది కోడలు. అత్తగారు పెదాలు బిగించుకుని పక్కకు తప్పుకుంది.

"ఏం చిల్లుబుర్రా, ఇవాళ..." అంటూ పోస్టుమాన్ అందుకున్నాడు.

"నోరు మూసుకోవయ్యా," అంది అత్తగారు. "మా కోడలు ఆర్డరు తీసుకెళ్తోంది. మాట్లాడించకు."

పోస్టుమాన్ టీకప్పు మీదికి వంగిపోయాడు. కోడలు కిటికీ దగ్గర నిలబడి ఒక్కటీ తప్పకుండా అప్పజెప్పింది. ఆఖరి టీ కూడా చెప్పేశాక, వెనకాలే గొణుక్కుంటూ వస్తున్న అత్తగారికి పక్కకు తప్పుకుని దారిచ్చింది.