తొమ్మిది మెట్లు

గోదారి డెబ్బై ఒక్క అడుగులు దాటిన ఏడాది నాకు నాగలత పరిచయమైంది. ఈ సంగతి జరిగింది ఆ మరుసటి ఏడాది వానాకాలంలో.

ముందు పరిచయం గురించి చెప్పాలి. నేను సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీ డ్రైవర్ని. ములకలపల్లి, దమ్మపేట దారుల్లో ముప్పై ఏళ్లు తిరిగాను. భార్య పోయి తొమ్మిదేళ్లు. వరదప్పుడు లారీని మెరక మీద నిలిపి, నాలుగు రోజులు క్యాబిన్‌లోనే ఉన్నాను. పక్కనే బడిలో వరద బాధితులను ఉంచారు. నాగలత కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. భర్త పోయిన మరుసటి ఏడే అక్కడికి వెళ్లింది. సెలవుకని అక్క జంపక్క ఇంటికి వచ్చి వరదలో చిక్కుకుంది. ఆ బడిలో మూడు వందల మందికి గరిటె తిప్పుతోంది.

రెండో రోజు లారీ దగ్గరికి వచ్చి, డోరు మీద గరిటెతో కొట్టింది.

"అందరూ వచ్చి తిని పోతున్నరు. నీకేమన్న బొట్టు పెట్టి చెప్పాల్నా?"

నేను స్టీరింగ్ పట్టుకుని ముందద్దంలోంచి చూస్తున్నాను.

"నోరు ఎవరికన్నా కిరాయికిచ్చినవా?"

"ఆకలి లేదు," అన్నాను.

"ఉన్నదన్నట్టే. నోరు."

పళ్లెం సీటు మీద పెట్టి పోయింది. అక్కడ మగవాళ్లందరినీ ఆమె అన్నా అనో తమ్మీ అనో పిలిచింది. నన్ను మాత్రం డ్రైవర్ సాబ్ అంది. ఆ రోజు నేనది గమనించలేదు. తర్వాత గమనించాను. చాలాసార్లు గమనించాను.

కువైట్‌కు తిరిగి వెళ్లాక ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది. ఆమె మాట్లాడేది. నేను అవ్ అనేవాణ్ణి. ఏడాది గడిచింది.

ఒక శుక్రవారం ఇలా అంది.

"తమ్ముని బిడ్డ పెండ్లికి రాజమండ్రి పోతున్న. హైదరాబాద్‌ల దిగి ఫ్లైట్ మారాలె. నడుమ ఎనిమిది గంటలు ఖాళీ. పదిహేనేండ్ల సంది గా ఎయిర్‌పోర్టుల దిగుతున్న, చార్మినార్ ఎన్నడు చూడలే. చూపిస్తవా?"

"అవ్."

"ఇంకో మాట. మేడం మళ్లా రెండేండ్లకు కాగితం రాసిచ్చింది. సంతకం పెట్టి, తెల్లారి పది గంటలకు రాజమండ్రిల ఏజెంటుకు ఇయ్యాలె. పెట్టమంటవా, వద్దంటవా?"

నేను చెప్పబోయి నోరు తెరిచాను.

"ఇప్పుడు చెప్పకు. అవ్ అంటవ్, నాకు దేనికన్నవో తెల్వది. గా ఎనిమిది గంటల్ల మొకం మీద చెప్పు. పెండ్లింట్ల చుట్టాల నడుమ నువ్వేం మాట్లాడ్తవు? ఒక్కనివి ఉన్నప్పుడే మాట్లాడవు."

ఆమె దిగే ముందు రాత్రి బస్సెక్కేదాకా ఒక్క మాట తయారు చేసుకున్నాను. బస్సులో దాన్ని వందసార్లు లోపలే అనుకున్నాను. సూర్యాపేట దాటేసరికి ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. మాట మాత్రం ఉంది.

పొద్దున హైదరాబాద్‌లో ఎయిర్‌పోర్టు బస్సుకు మారాను. ఎయిర్‌పోర్టు దగ్గర దిగుతుండగానే వాన. తాడు తెగి జామాయిల్ లోడు జారినట్టు ఒక్కసారే పడింది. రోడ్డు అంచున నీళ్లు పారుతున్నాయి.

మా వైపు ఒక కట్టుబాటు ఉంది. వరదలో మనుషులు చెదిరిపోతే ఎవరూ ఎవర్నీ వెతుక్కుంటూ కిందికి దిగకూడదు. అన్నిటికన్నా ఎత్తున్న చోటికి చేరి, అక్కడే నిలబడాలి. బతికున్న వాళ్లంతా అక్కడికే వస్తారు.

నేను ఎయిర్‌పోర్టు పై అంతస్తుకు వెళ్లి నిలబడ్డాను. అది ఊళ్లకు పోయేవాళ్లు లోపలికి వెళ్లే తలుపట. అక్కడి సెక్యూరిటీ పిల్లవాడు గంటసేపు నన్ను చూసి చూసి దగ్గరికి వచ్చాడు.

"ఫ్లైట్ ఎన్నింటికి తాతా?"

"నాకు లేదు."

"మరి ఎవర్ని పంపనీకొచ్చినవ్?"

"ఎవర్నీ పంపను. వస్తది."

"వచ్చేటోళ్లు కింది నుంచి వస్తరు తాతా. ఇది పోయేటోళ్ల జాగా."

"వాన పడుతున్నది గదా," అన్నాను.

అతను వానను చూశాడు, నన్ను చూశాడు. తల గోక్కుంటూ తన చోటికి తిరిగి వెళ్లాడు.

కిందికి దిగుదామని రెండుసార్లు అనిపించింది. నేను దిగేటప్పటికి ఆమె ఎక్కిందంటే? ఇద్దరం ఒకరినొకరు వెతుక్కుంటూ తిరగడమే అవుతుంది. గోదారి పక్కన పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే. అక్కడే నిలబడ్డాను. ఎనిమిది గంటల్లో మూడు అయిపోయాయి.

అప్పుడు వాలుదారి వెంట, తడిసిన కొంగు భుజం మీద వేసుకుని, ఒక చేత్తో బ్యాగు, ఒక చేత్తో మోకాలు పట్టుకుని నాగలత ఎక్కి వచ్చింది. నన్ను చూసి ఆగింది. వెంటనే తిట్టలేదు. ముందు ఆయాసం తీర్చుకుంది.

"కింద రెండు గంటలు నిలబడ్డ. నలుగురి ఫోన్లు అడుక్కొని నీకు చేసిన. స్విచ్ ఆఫ్. రాలేదనుకున్న. ఈ మనిషి నోరే కాదు, కాళ్లు గూడ కిరాయికిచ్చిండనుకున్న."

"చార్జింగ్..."

"ఆగు, నేను ఇంకా అయిపోలే. ఏడుద్దామని మొకం తిప్పితే వాన కనబడ్డది. గప్పుడు మతికొచ్చింది. గింత వానల గోదారి ఒడ్డు మనిషి కిందెందుకు నిలబడ్తడు?"

"అవ్," అన్నాను.

"అవ్ అట. లిఫ్ట్ ఎక్కడున్నదో తెల్వక నడిచే ఎక్కిన. మోకాళ్లు పోయినై."

సెక్యూరిటీ పిల్లవాడు నవ్వాడు. "వచ్చింది గదా తాతా. ఇగ పో."

బస్సులో ఇద్దరు పట్టే సీటు దొరికింది. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. మూడున్నరకల్లా తిరిగి ఎయిర్‌పోర్టులో ఉండాలి. చార్మినార్ చూసి అప్పటికి రాగలమా అని కండక్టర్‌ను అడిగింది.

"వాన లేకుంటే రావొచ్చమ్మా. ట్రాఫిక్ లేకున్నా రావొచ్చు. రెండూ ఉన్నయి."

"మంచిగ చెప్పినవ్ తమ్మీ."

నేను తయారు చేసుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే ఆమె పెళ్లి చీరల సంగతి ఎత్తుకుంది. మాట వెనక్కి పోయింది. చీరలయ్యాక మేడం ఇంట్లో చేపల కూర వచ్చింది. అది అయ్యేసరికి ఆరాంఘర్ దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు బండ్లు, వెనుక బండ్లు. చాలాసేపు కదల్లేదు.

ఆమె అద్దం తుడిచి ఒక ఫ్లైఓవర్ స్తంభం చూపించింది. "డ్రైవర్ సాబ్, చార్మినార్ గిదేనా? ఒక్కటే మీనారున్నది?"

"కాదు."

"నాకు తెల్వదా? నవ్వాలె నువ్వు."

నవ్వాను. ఆమె గడియారం చూసుకుంది. ఇక చార్మినార్ లేదని ఇద్దరికీ తెలిసిపోయింది. కండక్టర్‌కు చెప్పి అక్కడే దిగాం.

రోడ్డు పక్కన టార్పాలిన్ కింద చాయ్ దుకాణం. నడిపేది దస్తగిరి అనే పెద్దాయన. బల్ల మీద తడి తుడిచి రెండు చాయ్‌లు పెట్టాడు.

"దూరంకెళ్లి వచ్చిన్రా అమ్మా?"

"నేను కువైట్ నుంచి వచ్చిన అన్నా. ఈయన ఇంకా దూరంకెళ్లి వస్తున్నడు. నోట్లకెళ్లి మాట బయటికి రానీకి ఏడాది నుంచి నడుస్తనే ఉన్నడు."

దస్తగిరి ఇంకో చాయ్ కలిపేవాడిలా అటు తిరిగాడు గాని, చెవులు ఇటే ఉన్నాయి.

"చెప్పు," అంది నాగలత. ఇప్పుడు నవ్వడం లేదు. "పెట్టాల్నా, వద్దా?"

తయారు చేసుకున్న మాట ఎంత వెతికినా దొరకలేదు. దొరికిందే అన్నాను.

"ఎత్తు మీద ఇల్లు కట్టిన."

"ఎప్పుడు?"

"మొన్న ఎండకాలం."

"ప్రతి శుక్రవారం మాట్లాడితిమి. ఒక్కనాడన్న చెప్పలే."

"నువ్వు అడగలే."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఎన్ని అర్రలు?"

"రెండు."

"ఒక్క మనిషికి రెండు అర్రలెందుకు?"

వాన టార్పాలిన్ మీద పడుతోంది. నా చాయ్ మీద మీగడ కట్టింది.

"రెండో దానికి కిటికీ పెట్టిచ్చిన," అన్నాను. "రోడ్డు మీద పోయేటోళ్లు కనబడ్తరు. మనుషులు కనబడకుంటే నువ్వుండలేవు గదా."

నాగలత ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేను చూడ్డం అదే మొదలు. భయమేసింది.

"సంతకం పెట్టకు," అన్నాను. "రా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ముఖం మీద వాన చుక్కలేమీ లేవు.

"మల్లొక్కసారి చెప్పు. వాన సప్పుడుకు వినబడలే."

"వినబడ్డది," అన్నాను.

దస్తగిరి పగలబడి నవ్వి, దగ్గు వచ్చినట్టు చేశాడు. ఆమె కూడా నవ్వింది. వెంటనే వేలు చూపించి లెక్క తీసింది.

"ఎత్తు మీద అన్నవ్. మెట్లెన్ని?"

"తొమ్మిది."

"ఒక్కోటి ఎంత ఎత్తు?"

నా మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాను.

"అవి మెట్లా? లారీ ఎక్కెటోడు కట్టుకున్న మెట్లు. నా మోకాళ్లతోటి నేనెట్ల ఎక్కాలె? నన్ను క్రేను పెట్టి ఎక్కిస్తవా?"

నేను అది ఆలోచించలేదు. కిటికీ గురించి ఆలోచించాను. మెట్ల గురించి ఆలోచించలేదు.

ఆమె దస్తగిరి దగ్గర పెన్ను అడిగి తీసుకుంది. బ్యాగులో చెయ్యి పెట్టి ఒక కాగితం లాగి, వెనక్కి తిప్పి, దాని మీద అరచెయ్యి పరిచింది. బొటనవేలి చివర ఒక చుక్క, చిటికెన వేలి చివర ఒక చుక్క పెట్టి, గీతతో కలిపింది.

"నా జానెడు. గింతే ఉండాలె. దీనికి మించి ఉంటే నేను ఒక్క మెట్టు గూడ ఎక్క."

కాగితం నాలుగు మడతలు పెట్టి నా చొక్కా జేబులో పెట్టింది. "లే ఇగ. ఫ్లైట్ మన కోసం ఆగదు."

ఆటోలో తిరిగి వచ్చాం. దారంతా ఆమె భుజం నా భుజానికి తగులుతూనే ఉంది. రోడ్డు నున్నగానే ఉంది.

ఈసారి ఇద్దరం కలిసి లిఫ్ట్‌లోనే పైకి వెళ్లాం. తలుపు దగ్గర నేనే అడిగాను.

"రేపు ఏజెంటుకు ఏం చెప్తవ్?"

"చూద్దాం."

"చూద్దాం అంటే?"

"ఏడాది పొడుగూత నువ్వు అవ్ అవ్ అన్నవ్. నేను ఒక్కరోజు చూద్దాం అనొద్దా, డ్రైవర్ సాబ్?"

లోపలికి వెళ్లిపోయింది. అద్దం అవతల నుంచి ఒకసారి వెనక్కి చూసింది. చెయ్యి ఊపలేదు. మోకాలు చూపించింది.

మర్నాడు పొద్దున బస్సు సారపాకలో దింపింది. ఇంటికి వెళ్లకుండా నేరుగా మేస్త్రి రాందాస్ దగ్గరికి వెళ్లాను. చాయ్ కూడా తాగనివ్వకుండా గడ్డపారతో సహా ఇంటికి తీసుకొచ్చాను.

"మంచిగున్న మెట్లు. ఎందుకు పగలగొట్టుడు అన్నా?"

జేబులో కాగితం తీసి ఇచ్చాను. "గింత ఎత్తే ఉండాలె."

రాందాస్ గీతను కొలిచాడు. తలెత్తి మెట్లు చూశాడు. "తొమ్మిది కాస్తా పద్దెనిమిదైతయి." కాగితం ఇటూ అటూ తిప్పాడు. "ఇదేందే? ఇటుపక్క అరబ్బీల ఉన్నది, ఇంగ్లీషుల ఉన్నది. ముద్ర ఉన్నది. కింద సంతకం జాగా ఖాళీగున్నది. పనికొచ్చే కాగితమేమో, చూసుకో."

తీసుకుని చూశాను. ముద్ర మీద కువైట్ అని ఉంది. ఏడున్నర అవుతోంది. రాజమండ్రిలో ఏజెంటు పది గంటలకు దీని కోసం ఎదురుచూస్తాడు.

మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను.

"పనికొచ్చేదే," అన్నాను.

రాందాస్ చేతిలోంచి గడ్డపార తీసుకుని మొదటి మెట్టు నేనే పగలగొట్టాను.