తెల్ల గేటు బంగళాలో పోచయ్య విచారణ

ఫిల్మ్ నగర్ కొండ మీద, రోడ్డు ఆఖరి మలుపు తిరిగే చోట, తెల్ల గేటు బంగళా అని ఒకటి ఉండేది. చీకటి పడితే అటు ఆటోవాళ్లు వచ్చేవాళ్లు కాదు. డబుల్ ఇస్తామన్నా వచ్చేవాళ్లు కాదు. హైదరాబాద్ ఆటోవాడు డబుల్ వద్దన్నాడంటే ఆ చోటు ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

దాన్ని కట్టించిన నిర్మాత, సినిమా పోయి, ఆ ఇంట్లోనే ఉరేసుకున్నాడని చెప్పుకునేవారు. రాత్రిళ్లు గేటు దగ్గర నిలబడి, దారిన పోయేవాళ్లని ఆపి, ఆ పోయిన సినిమా కథ మొదటి నుంచీ చెబుతాడట... ఇంటర్వెల్ దాకా విన్నవాడు తెల్లారేసరికి జ్వరంతో మంచం ఎక్కుతాడట. నిజానికి ఆ నిర్మాత బెజవాడలో సిమెంటు వ్యాపారం చేసుకుంటూ నిక్షేపంగా ఉన్నాడు. అయినా దెయ్యానికి అదేమీ అడ్డం కాలేదు. లోపల ఆడవాళ్ల ఏడుపులు వినిపిస్తాయని కూడా అనేవారు. అది మాత్రం నేను పట్టించుకోను. సీరియళ్లు తీసే పేటలో ఏడుపు వినపడని ఇల్లు ఎక్కడుంది?

రెండువేల ఆరులో, జూలై నెల ముసురు రాత్రి, కానిస్టేబుల్ పోచయ్య ఒంటరిగా ఆ ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. ఆయన నాకు చెప్పింది చెప్పినట్టు మీకు చెబుతున్నాను. చివర్లో కొంత నేను కళ్లారా చూసిందే.

పోచయ్య ఎర్రగడ్డ మనిషి. యాభై దాటిన వయసు, నిండు మీసం. రౌడీషీటర్లని కాలరు పట్టుకుని ఈడ్చుకొచ్చినవాడే కానీ, చీకటంటే మాత్రం... మొలతాడుకి మూడు తాయెత్తులు కట్టుకునేవాడు.

ఆయనకి పడిన పని ఇదీ — మారిషస్ నుంచి రాజెన్ అప్పన్న అనే విద్యార్థి కంప్యూటర్లు చదవడానికి హైదరాబాద్ వచ్చాడు. అప్పుడు ఊరంతా సాఫ్ట్‌వేర్ జాతర. హాస్టళ్లు నిండిపోయాయి, గదుల అద్దెలు కొండెక్కాయి. కొండ మీదే ఉండి కూడా అద్దె కొండెక్కని ఇల్లు ఒక్కటే మిగిలింది. తెల్ల గేటు బంగళా వెనక గదిలో దిగాడు.

పరాయి దేశం నుంచి వచ్చిన విద్యార్థి పద్నాలుగు రోజుల్లో పేరు నమోదు చేయించుకోవాలి. అందుకు, చెప్పిన చిరునామాలో అతను నిజంగానే ఉంటున్నాడని పోలీసు వెళ్లి చూసి సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే నమోదు లేదు. నమోదు లేకపోతే చదువు లేదు, తిరుగు విమానమే.

ఆ కాగితం పోచయ్య చేతికొచ్చింది. చిరునామా చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచాడు. రేపన్నాడు. ఎల్లుండన్నాడు. పదమూడో రోజు సాయంత్రం ఇన్‌స్పెక్టర్ పట్టుకున్నాడు.

"ఏందయ్యా పోచయ్యా, గా పిల్లగాని చదువు జేబుల పెట్టుకొని తిరుగుతున్నవా? ఇయ్యాల రాత్రికే పోయి చూసి రా. రేపు పొద్దుగాల కాగితం నా టేబుల్ మీద ఉండాలె."

అలా, రాత్రి ఎనిమిదిన్నరకి, మూడు తాయెత్తులూ తడుముకుంటూ పోచయ్య కొండెక్కాడు.

సగం దూరంలో కరెంటు పోయింది.

గేటు తీసే ఉంది. ఒక్క కుక్క కూడా మొరగలేదు... ఎప్పుడూ ప్రాణాలు తోడేసే ఫిల్మ్ నగర్ కుక్కలు, ఒక్కటి కూడా.

"ఎవలున్నరు లోపట?"

టోపీ సర్దుకుని ముందుకు నడిచాడు.

హాలు తలుపు కూడా తీసే ఉంది. సెల్‌ఫోన్ టార్చి వెలిగించి లోపలికి అడుగు పెట్టాడు. సోఫాలున్నాయి, పైన పెద్ద గాజు దీపాల గుత్తి ఉంది, రెండు వైపులా మెట్లున్నాయి. మనుషులే లేరు. ఎక్కడి నుంచో అగరొత్తుల వాసన వస్తోంది...

టార్చి వెలుగు గోడ మీదికి పాకింది.

నిలువెత్తు ఫోటో. దానికి చందనం దండ. కింద ఆరిపోయిన దీపం. ఫోటోలో కుర్రవాడు నవ్వుతున్నాడు.

ఆ నవ్వు ఇంతకుముందు ఎక్కడో చూసినట్టనిపించింది. జేబులోంచి కాగితం తీశాడు. మూల అంటించిన పాస్‌పోర్టు ఫోటో మీద టార్చి పెట్టాడు. మళ్లీ గోడ మీద పెట్టాడు.

అదే జుట్టు. అదే చొక్కా. అదే నవ్వు.

ఫోటో కింద పెద్ద అక్షరాలతో రాసుంది — అస్తమయం: 3-7-2006. పోచయ్య దరఖాస్తు మీద తేదీ చూశాడు. జూలై ఐదు.

అంటే... పోయిన రెండు రోజులకి దరఖాస్తు పెట్టుకున్నాడు.

"మూడు తాయెత్తులు ఒక్కపారె పట్టుకున్న రైటర్ సాబ్," అన్నాడు నాతో పోచయ్య. "గప్పుడు... ఎన్కనుంచి సప్పుడైంది."

వెనక నుంచి, చాలా మెత్తగా —

"నమస్కారము. తమ రాక కొరకే వేచియున్నాను."

పోచయ్య మెల్లగా మెడ తిప్పాడు. ఒక కొవ్వొత్తి. దాని పైన ఒక ముఖం. గోడ మీది ముఖమే.

"భయపడవలదు. నేను ఇచ్చటనే నివసించుచున్నాను."

ఈ కాలంలో బతికున్న మనిషెవడూ అలా మాట్లాడడు. పోచయ్యకి ఇంక వేరే రుజువు అక్కర్లేకపోయింది. టోపీ, లాఠీ, కాగితం — మూడూ అక్కడే వదిలేసి గేటు దాటాడు. వెనక అడుగుల చప్పుడు... దగ్గరవుతోంది...

"ఆగుడు! మీరు సంతకము చేయనిచో నేను వెడలిపోవలసి వచ్చును!"

"పో బిడ్డా!" పోచయ్య పరిగెత్తుతూనే చేతులెత్తి మొక్కాడు. "నీకు దండం పెడ్త, జల్ది పో!"

"పోజాలను! నేను ఇచ్చటనే ఉండవలెను!"

కొండ కింద మలుపులో నీలమ్మ టీ కొట్టు. ఆ రాత్రి అక్కడ ఇరవై మందిమి ఉన్నాం — జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, మాటల రచయితకి సహాయకుణ్ణయిన నేను. అందరం కృష్ణానగర్‌లో గదికి ఆరుగురం చొప్పున సర్దుకుంటున్నవాళ్లమే. పోచయ్య దూసుకొచ్చి నీలమ్మ వెనక నక్కాడు. ఆ వెనకే కుర్రాడు కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"రాజెన్‌ను చూసి ఉరుకుతున్నవేందన్నా?" అంది నీలమ్మ. "పొద్దుగాల గీడ్నే కూసొని ఎనిమిది బిస్కెట్లు తిన్నడు."

"దెయ్యాలు తినయా?"

"తింటయేమో. గన్ని తినయ్."

అప్పుడే రాజెన్ చేతి మీద దోమ వాలింది. చట్టున కొట్టాడు. అరచేతిలో ఎర్రటి చుక్క. పోచయ్య సెల్‌ఫోన్ టార్చి వెలిగించి మరీ ఆ చుక్కని చూశాడు. దోమలకి ఉన్న తెలివి తనకి లేకపోయిందని ఆయనకి నమ్మకం కుదిరింది.

తర్వాత సంగతంతా బయటపడింది. రాజెన్ ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కిన మనిషి. వాళ్లింట్లో తెలుగు నాయనమ్మ దాచుకున్న పాత పుస్తకాల్లోనే మిగిలింది. కుర్రాడు అదే నేర్చుకుని, ఇక్కడ అందరూ అలాగే మాట్లాడతారనుకుని దిగాడు.

ఇక ఫోటో. ఆ బంగళాలో అప్పుడప్పుడూ షూటింగులు జరిగేవి. హీరోగారి చచ్చిపోయిన తమ్ముడిగా గోడకి తగిలించడానికి ఒక ఫోటో కావాల్సి వచ్చింది. ఇల్లు చూసుకునే బసవపున్నయ్య గారు రాజెన్‌ని పిలిచి, "ఓ ఫోటో ఇవ్వు బాబూ, నువ్విక్కడ ఉంటున్నావని ఓనరు గారి చేత ఉత్తరం రాయిస్తాను," అన్నారు.

"చచ్చినోని ఫోటో ఇచ్చి, ఉన్నట్టు కాగితం తెచ్చుకున్నవా?" అన్నాడు పోచయ్య.

"అవునండి. వేరొక మార్గము లేకుండెను."

పోచయ్యకి నవ్వొచ్చింది. కాగితం తీసుకుని, పెన్ను తీసి, చివరి గడి దగ్గర ఆగిపోయాడు. స్థానిక నివాసి సాక్షి సంతకం.

"హైదరాబాద్ల ఉంటున్నమని కాగితం ఉన్నోళ్లు ఒక్కరు ముంగటికి రార్రి," అన్నాడు.

ఇరవై మందిలో ఒక్కడూ కదల్లేదు.

ఒకడి రేషన్ కార్డు తెనాలిలో ఉంది. ఇంకొకడి ఓటు కాకినాడలో. నీలమ్మ కార్డు పాలమూరు అవతల. నేనొచ్చి ఎనిమిదేళ్లు. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద, గది ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిన ఎవడో డాన్సరు పేరు మీద. ఎనిమిదేళ్లు ఈ ఊళ్లో తిన్నాను, తిరిగాను, నిద్రపోయాను. అయినా, ఉన్నానని చెప్పుకోవడానికి చీటీ ముక్క లేదు. చాలా సిగ్గేసింది.

రాజెన్ మా ముఖాల వంక చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"మా అమ్మకు ముఖము ఎట్లు చూపుదును?" అన్నాడు. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

పోచయ్య కాసేపు మీసం లాక్కున్నాడు. తర్వాత కాగితాన్ని నీలమ్మ బల్ల మీద పరిచాడు. సాక్షి గడిలో రాశాడు — పోచయ్య, తండ్రి వెంకటనర్సయ్య, ఎర్రగడ్డ. దాని కిందే విచారించినవారి గడిలో రాశాడు — పోచయ్య, కానిస్టేబుల్. అడిగింది పోచయ్య, చెప్పింది పోచయ్య, నమ్మింది కూడా పోచయ్యే. పై ఆఫీసులో ఎవరూ అది చూసుకోలేదు. మర్నాడు మధ్యాహ్నానికల్లా గుండ్రటి ముద్ర పడింది.

సాయంత్రం రాజెన్ ఆ కాగితాన్ని టీ కొట్టుకి తెచ్చాడు. చేతులు తుడుచుకుని ఒకరి తర్వాత ఒకరం చూశాం. ఆ ముద్ర మీద వేలు పెట్టి చూసినప్పుడు, దాచడం దేనికి, నాకు కుళ్లొచ్చింది. మా అందరిలో హైదరాబాద్‌లో ఉంటున్నట్టు సర్కారు ఒప్పుకున్నది వాడొక్కణ్ణే. అప్పటికింకా వాడి ఫోటో దండతో సహా గోడ మీదే వేలాడుతోంది. షూటింగుకి హీరోగారి డేట్లు ఇంకా దొరకలేదట.