ఇటుకల మీద బండి

బందరు కోర్టులో నా దగ్గరకొచ్చే కేసుల్లో ఎక్కువ భాగం సైకిలు తొక్కేవాళ్లవే. చేపలమ్మేవాళ్లు, పాలు పోసేవాళ్లు, పెడనలో అద్దకం పనికి వెళ్లేవాళ్లు. తెల్లారక ముందే రోడ్డెక్కుతారు. ఏ లారీయో తగిలితే కొన్నాళ్లు ఆస్పత్రిలో పడుకుని, మన రాత ఇంతే అనుకుని ఇంటికెళ్లిపోతారు. గుద్దిన బండి మీద కేసు వేయొచ్చని, తమ తరఫున మాట్లాడేవాళ్లు ఉంటారని ఎవరో ఒకరు చెప్తే గానీ తెలియదు. నాంచారయ్యకు ఆ సంగతి చెప్పింది ఆస్పత్రిలో నర్సు. "ఉమాదేవి గారని ఉన్నారు, వెళ్లి కలవండి" అని ఆవిడే నా నంబరు రాసిచ్చింది.

నాంచారయ్యది గిలకలదిండి. అరవై దాటిన మనిషి. రోజూ వేకువనే హార్బరు దగ్గర వేలంలో చేపలు పాడుకుని, సైకిలు వెనక గంప కట్టుకుని పెడన మీదుగా ఊళ్లు తిరిగి అమ్ముకునేవాడు. పుష్యమాసంలో, మంచు బాగా పట్టిన ఒక వేకువన, పెడన దాటాక ఒక చేపల వ్యాను వెనక నుంచి గుద్దింది. డ్రైవరూ క్లీనరూ దిగొచ్చారు. "ఆస్పత్రికి తీసుకెళ్తాం తాతా" అంటూ ఆయన్నీ, సైకిల్నీ ఐసు పెట్టెలు పెట్టే వెనక డబ్బాలో పడేసి తలుపు మూశారు. ఆస్పత్రికి మాత్రం తీసుకెళ్లలేదు. గుడ్లవల్లేరు అవతల పంట బోదె కాలువలోకి తోసేసి వెళ్లిపోయారు. పొలానికొచ్చిన రైతులు చూసేసరికి ఇంకా ప్రాణం ఉంది. మోకాలి కింద కాలు మాత్రం దక్కలేదు.

పోలీసులు 'గుర్తు తెలియని వాహనం' అని రాసుకుని ఊరుకున్నారు. కానీ డబ్బా తలుపు మీద శ్యాంబాబు అనే పేరు చూసినట్టు నాంచారయ్యకు గుర్తుంది. ముదినేపల్లి వైపు చేపల చెరువులున్న ఆసామి ఆయన. మా వ్యాను ఆ నెలంతా రిపేర్లో ఉందని ఆయన కోర్టుకు చెప్పాడు. ఇన్సూరెన్స్ లాయరు ఇంకో మాటన్నాడు. పెడన దగ్గర దెబ్బ తగిలిన మనిషి గుడ్లవల్లేరు అవతల ఎలా తేలతాడు, ఇదంతా అల్లిన కథ అన్నాడు.

నాంచారయ్య ఆ డబ్బాలో ఉన్నాడని నేను చూపించాలి. లేకపోతే కేసు లేదు. "లోపల ముందు మూల రేకు చిరిగి ఉందమ్మా. దాన్ని పట్టుకునే వేలాడాను. చెయ్యి తెగింది" అని ఆయన చెప్పిన ఒక్క మాటే నా ఆధారం. వ్యానును పరీక్షించి రిపోర్టు ఇవ్వడానికి ఒక లాయర్ని కమిషనర్‌గా వేయమని కోర్టుని అడిగాను. శివరామయ్య గారిని వేశారు. బాగా పెద్ద వయసు లాయరు, నన్ను అమ్మాయ్ అని పిలిచే చనువున్నవారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక శివరామయ్య గారు, నాంచారయ్య, నేను ముగ్గురం కారులో బయల్దేరాం. చెరువు గట్టు మీద తవుడు బస్తాల షెడ్డు, దాని పక్కన వ్యాను. ఎండ మండిపోతోంది. వ్యానుకు నాలుగు చక్రాలూ తీసేసి ఇటుకల మీద నిలబెట్టారు. బానెట్టు ఎత్తి చూస్తే ఇంజను కూడా లేదు, దింపేశారు. అక్కడ ఎలకలు పెట్టుకున్న గడ్డి తప్ప ఏమీ లేదు.

మా కోసం తలుపు తీయడానికి అయ్యప్ప వచ్చాడు. ఆ వ్యాను డ్రైవరు అతనే. నాంచారయ్య వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బిగుసుకుపోయిన గడియని సుత్తితో కొట్టి తీసి, షెడ్డు నీడలోకి వెళ్లి నిలబడ్డాడు.

"నేను లోపలికి రానమ్మా" అన్నాడు నాంచారయ్య, చంకకర్రల మీద వాలి.

"ఆ చిరుగు ఎక్కడుందో చూపించండి బాబాయ్, చాలు. కమిషనర్ గారు రాసుకుంటారు. మీరు చెప్పింది నిజమని తేలిపోతుంది."

ఆయన ఆ తలుపు వంక చూశాడు. "తలుపు ఎవరైనా పట్టుకుంటారా?"

"నేను పట్టుకుంటానయ్యా" అన్నారు శివరామయ్య గారు. ఆయన మోకాళ్లు వ్యాను ఎక్కనివ్వవు.

నేను ముందు ఎక్కి, నాంచారయ్యని చేయిపట్టి పైకి లాగాను. లోపల చీకటి. బయట అంత ఎండ ఉన్నా ఆ డబ్బా గోడలు చల్లగా ఉన్నాయి. పాతబడిన నీచు వాసన, తడి గోనెసంచి వాసన, వాటి అడుగున ఇంకేదో తియ్యటి వాసన. నా ఫోను లైటు వేశాను. కింద రేకు జారుతోంది. నాంచారయ్య కర్రలు వదిలేసి కూర్చుని, చేతుల మీద జరుగుతూ ముందు మూలకు వెళ్లాడు. చూడకుండానే చెయ్యి చాపాడు. ఆ చెయ్యి సూటిగా చిరుగు మీదికే వెళ్లింది.

చిరిగిన రేకు వెనక తెల్లటి ఫోము మీద గోధుమరంగు మరక. అప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఫోటోలు తీసుకుంటూ, "సార్, ఇక్కడ ఉంది" అని కేకేశాను.

బయట శివరామయ్య గారి ఫోను మోగుతోంది. ఆయన హలో అనడం వినబడింది. నా పక్కన గోడ మీద పడుతున్న ఎండ సన్నబడింది. గీతలా మారింది. పోయింది.

గడియ పడిన చప్పుడు.

"సార్" అన్నాను. తలుపు దగ్గరికెళ్లి కొట్టాను. లోపలి వైపు పిడి లేదు. అరచేతులతో కొట్టాను, పిడికిళ్లతో కొట్టాను. ఆ చప్పుడు బయటికి పోయినట్టే లేదు, గోడల్లో ఇంకిపోతోంది.

"కొట్టకండమ్మా" అన్నాడు నాంచారయ్య వెనక నుంచి. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఇటొచ్చి కూర్చోండి. ఈ రేకు పట్టుకోండి."

"ఎందుకు?"

కాళ్ల కింద రేకు వణికింది. మొదట సన్నగా... తర్వాత గట్టిగా. ఇంజను శబ్దం. నేను కళ్లారా చూశాను, అందులో ఇంజను లేదు. కింద చక్రాలు లేవు. బండి ఒక్క కుదుపుతో కదిలింది. నేను వెల్లకిలా పడ్డాను. ఫోను చేతిలోంచి జారి తలుపు వైపు దొర్లిపోయి, లైటు కిందికి పడింది. ఇక ఏమీ కనబడలేదు.

పాక్కుంటూ వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. చలి. మంచు కాలపు చలి.

"ఇప్పుడు రైలు గేటు" అని గుసగుసగా అన్నాడు.

అన్నాక... టక్. టక్. పట్టాల మీద ఎక్కి దిగింది బండి.

"ఇప్పుడు వంతెన."

పైకి లేచి కిందికి వచ్చాం.

"బాబాయ్, ఏం జరుగుతోంది?"

"మాట్లాడకండమ్మా. ఇప్పుడు ఆగుతుంది."

దూరంగా సైకిలు బెల్లు. ఒక్కసారే. తర్వాత మెత్తటి దెబ్బ. బ్రేకులు కీచుమన్నాయి. నా భుజం గోడకు కొట్టుకుంది. బండి ఆగింది. బయట ఎవరో పరిగెత్తుతున్న అడుగులు.

"ఎవరది?"

"నా తర్వాత వాళ్లు గుద్దిన రెండో అతనమ్మా."

"మీరెప్పుడూ చెప్పలేదే..."

"డాక్టరు గారికి చెప్పానమ్మా. రక్తం పోయి అలా అనిపించి ఉంటుందన్నారు. పోలీసులు నవ్వారు. మీకూ చెప్తే పిచ్చోడనుకుని కేసు వదిలేస్తారని..."

తలుపు తెరుచుకుంది.

బయట మధ్యాహ్నం లేదు. తెల్లటి మంచు. వెనక లైటు ఎరుపు ఆ మంచులో కరిగి కారుతోంది. రెండు ఆకారాలు, మొహాల్లేవు, ఏదో బరువు మోసుకొస్తున్నాయి. తలుపు తెరిచి ఉంది. నాకు ఇంకేమీ పట్టలేదు. దూకేద్దామని లేచాను. నాంచారయ్య నా కాలు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"దిగొద్దమ్మా. అక్కడ దిగితే అక్కడే ఉండిపోతారు."

బరువు వచ్చి నా పాదాల దగ్గర పడింది. దాని మీద సైకిలు. తలుపు మూసుకుంది. మళ్లీ చీకటి. బండి కదిలింది.

ఊపిరి వినబడుతోంది. నాది కాదు. నాంచారయ్యది కాదు. తడిగా, బుడగలు పగులుతున్నట్టు... ఆగి, మళ్లీ మొదలై...

"ఎక్కడికి... తీసుకెళ్తున్నారు..."

"ఆస్పత్రికి" అన్నాడు నాంచారయ్య. వెంటనే నా చెవి దగ్గరికి వంగాడు. "ఆ రోజూ ఇదే చెప్పాను. నాకూ అంతకంటే తెలియదు."

నేను రేకు గట్టిగా పట్టుకున్నాను. అరచేతిలో వెచ్చగా తడి తగిలింది. బండి మలుపు తిరిగింది. ఆ శరీరం జారి నా మోకాలికి ఆనుకుంది. జరగడానికి చోటు లేదు. ఒక పక్క గోడ, ఒక పక్క నాంచారయ్య, ముందు అది.

"ఇక నన్ను దించేస్తారు" అన్నాడాయన.

"మరి నేను?"

చీకట్లో తడుముకుని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"బాబాయ్. ఆ తర్వాత ఏమవుతుంది?"

"నాకు తెలియదమ్మా" అన్నాడు, ఏడుస్తున్నట్టుంది గొంతు. "ఆ తర్వాత నేను లేను కదా."

బండి వేగం తగ్గింది. చల్లటి వేళ్లు నా మణికట్టు చుట్టూ వచ్చి పడ్డాయి. లాక్కోబోయాను. రాలేదు. ఆ పట్టులో బలం లేదు, అయినా రాలేదు. నీళ్లలో మునిగేవాడి పట్టు అది.

"నా కోసం... ఎవరైనా వెతుకుతున్నారా..."

కేకలు వేయాలి. కేక రాలేదు. వచ్చింది ఒక్కటే, ఇన్నేళ్లుగా నా బల్ల ముందు కూర్చున్న ప్రతివాళ్లనీ మొదట అడిగేది.

"మీ పేరు చెప్పండి. ఏ ఊరు?"

బండి ఆగబోతోంది.

"వెంకటపతి. కవుతరం. రైస్‌మిల్లులో డ్యూటీ... దిగి ఇంటికెళ్తున్నా. మా ఆవిడ సత్యవతమ్మ..."

"రాసుకుంటాను" అన్నాను. "మీ కేసు కూడా వేస్తాను. వదలండి."

ఒక్కొక్క వేలూ వదిలింది.

తలుపు తెరుచుకుంది. ఎండ కళ్లలో పొడిచింది. శివరామయ్య గారు ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఉన్నారు. "గాలికి పడిపోయిందమ్మాయ్. భయపడ్డావా? మా ఆవిడతో రెండు మాటలు మాట్లాడేలోపే ఇతను సుత్తి తెచ్చి తీశాడు."

నాంచారయ్యని ముందు దింపాను. ఆయన దిగుతూనే నేల మీద కూర్చుండిపోయాడు. నేను దిగి, ఇటుకల వంక చూశాను. ఒక్క ఇటుకా కదల్లేదు. నా మణికట్టు చుట్టూ మాత్రం బురద. తడి ఇంకా ఆరలేదు.

అయ్యప్ప సుత్తి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. దగ్గరికెళ్లి మెల్లిగా అడిగాను.

"వెంకటపతి ఎక్కడ?"

సుత్తి జారిపోయింది. అతను నా వైపు చూడలేదు. నా భుజం మీదుగా వ్యాను లోపలికి చూశాడు.

"అప్పటికి బతికే ఉన్నాడండీ" అన్నాడు.

తర్వాత ఏ చెరువులో పడేశారో అతనే చూపించాడు. ఆ సాయంత్రమే పోలీసులు అతన్ని తీసుకెళ్లారు, మర్నాడు క్లీనర్ని పట్టుకొచ్చారు. కవుతరంలో సత్యవతమ్మ అప్పటికి ఎన్నిసార్లు స్టేషను మెట్లెక్కిందో. నీ మొగుడు ఎవరితోనో పోయి ఉంటాడని పంపించేశారట. నేను వెళ్లేసరికి వాకిట్లో బియ్యం ఏరుకుంటోంది. నా మొహం చూసి చేట పక్కన పెట్టింది. "దొరికారా అండీ?" అని మాత్రం అడిగింది. నేను తలూపాను. పైట నోటికి అడ్డం పెట్టుకుని, అలాగే కూర్చుంది.

రెండు కేసులూ నేనే నడిపాను. చెరువులో దొరికిన సైకిళ్లలో నాంచారయ్య సైకిలు ఉంది, గంప కట్టిన తాడుతో సహా. ఇన్సూరెన్స్ లాయరు ఇక కథ అనలేదు. ట్రిబ్యునల్ ఇద్దరికీ అనుకూలంగా తీర్పిచ్చింది. నాంచారయ్య కృత్రిమ కాలు పెట్టించుకున్నాడు. సత్యవతమ్మ కొడుకు చదువు ఆగలేదు.

ఒక్కటే తేలలేదు. చెరువు తోడినప్పుడు మూడు సైకిళ్లు బయటపడ్డాయి. మూడోది ఆడవాళ్ల సైకిలు, ముందు బుట్ట ఉన్నది. అయ్యప్పనీ క్లీనర్నీ విడివిడిగా అడిగారు. అన్నీ ఒప్పుకున్నవాళ్లు దాని దగ్గర మాత్రం ఒకే మాట మీద నిలబడ్డారు. మేము గుద్దింది ఇద్దర్నేనండీ, ఆ సైకిలు ఎవరిదో మాకు తెలియదండీ అన్నారు. చెరువంతా వెతికినా ఇంకో మనిషి ఆనవాలు దొరకలేదు. ఆ ప్రాంతంలో తప్పిపోయిన ఆడమనిషి గురించి ఏ స్టేషన్లోనూ ఫిర్యాదు లేదు.

తీర్పు వచ్చిన రోజు కోర్టు బయట బస్సు కోసం నిలబడి ఉండగా నాంచారయ్యకి ఈ సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఆవిడ మాట్లాడదమ్మా" అన్నాడు. "నన్ను ఎక్కించేసరికే లోపల ఉంది."

"మరి ఇప్పుడా వ్యాను తుక్కు కింద అమ్మేశారు కదా బాబాయ్. ఆవిడ..."

ఆయన నా వంక వింతగా చూశాడు.

"వ్యానులో ఎక్కడుందమ్మా? ఆ రోజు మీ వెనకాలే దిగింది. తిరిగొచ్చేటప్పుడు కారులో కూడా మీ పక్కనే కూర్చుందిగా. మీకు తెలుసనుకున్నాను."